టెర్మినలులో తెలుగు పాఠస్వీకారము : అక్షరగణన సమస్య

హైదరాబాదు నగరమున అబిడ్సు, నాంపల్లి ప్రాంతములు తెలుగు విద్యకు ఆటపట్టులు. 1943లో స్థాపితమైన ఆంధ్ర సారస్వత పరిషత్తు, నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, అబిడ్సు తిలక్ రోడ్డున కలదు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయము నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు ప్రాంగణమున దీర్ఘకాలము బోధన, పరిశోధనలు సాగించినది. ఆదివారములందు అబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకముల అంగడి వెలయును. ఇట్టి చోట్ల లభించు గ్రంథముల పేర్లను కంప్యూటరు పట్టికలోనికి ఎక్కించునపుడు ఒక ప్రశ్న పుట్టును: మీట నొక్కినపుడు ప్రోగ్రామునకు అందునది అక్షరమా, మరొకటియా?

టెర్మినలు అనగా బొమ్మలు లేక కేవలము వ్రాతతో నడచు తెర. ప్రోగ్రాము ‘గ్రంథనామము?’ అని అడిగి నిలుచును. టైపు చేసినది వెంటనే దానికి చేరదు. నిర్వహణవ్యవస్థ ఆ పంక్తిని తనయొద్ద నిలిపి, తప్పులు దిద్దుకొను అవకాశమిచ్చి, ఎంటరు మీట నొక్కిన పిదపనే అప్పగించును. ఒక్కొక్క మీటను తక్షణమే గ్రహించు రెండవ పద్ధతియు కలదు. కూర్పు ప్రోగ్రాములు దానినే వాడును. కాని దిద్దుబాటు భారమంతయు అప్పుడు ప్రోగ్రాముపైనే పడును.

‘లక్ష్మి’ అను పదమును పరిశీలింతము. ఛందస్సున ఇది రెండక్షరములు. గురువు, లఘువు కలసి హగణము. శిక్షాశాస్త్ర దృష్టితో ల్, అ, క్, ష్, మ్, ఇ అను ఆరు వర్ణములు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుపై ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతములుగా దీనిని టైపు చేయుదురు. హల్లులో అకారము అంతర్గతమగుటచే దానికి వేరు సంకేతము లేదు. దానిని తొలగించుటకే పొల్లు అవసరమైనది. భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ప్రకటించిన ఇస్కీ పద్ధతిలో సంకేతమునకు ఒక బైటు చొప్పున ఈ పదము ఏడు బైట్లు. నేడు వ్యాప్తిలోనున్న యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 రూపములో తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. కావున పదము ఇరువదియొక్క బైట్లగును. రెండు, ఆరు, ఏడు, ఇరువదియొకటి : నాలుగు లెక్కలును సత్యములే. దేనిని అడుగుచున్నామో తెలియకుండుటయే దోషహేతువు.

ఆ దోషము ఎట్లు ఫలించునో చూడవలెను. సి భాషలో వ్రాసిన ఒక ప్రోగ్రాము గ్రంథనామమునకు ఇరువది బైట్ల స్థానమును కేటాయించినదనుకొందము. ఎఫ్‌గెట్స్ అను ప్రమేయము ముగింపు గుర్తుకు ఒక బైటు విడిచి పందొమ్మిది బైట్లను మాత్రమే చదువును. ఆరు సంకేతములు పూర్ణముగా వచ్చును. ఏడవదైన గుడి మొదటి బైటుతో తెగును. పట్టికలో ‘లక్ష్మ’ అనియు, దాని వెనుక అర్థరహితమైన గుర్తొకటియు నిలుచును. మిగిలిన రెండు బైట్లు పోవు, తరువాతి ‘గ్రంథకర్త?’ అను ప్రశ్నకు అవియే సమాధానమగును. వాడుకరి మీట ముట్టకమునుపే కర్త పేరు చెడును. పేరు చెడిన గ్రంథము అలమరలో ఉన్నను వెదకువానికి దొరకదు.

చెరపుటయందును ఇట్టి చిక్కే కలదు. లినక్సులో 2004 నుండి, కెర్నెలు 2.6.4వ కూర్పుతో, యు.టి.ఎఫ్.-8 సంకేతమును పూర్ణముగా చెరపు సదుపాయము కలిగినది. అది అమరనిచో వెనుకమీట ఒక బైటును మాత్రమే తొలగించును. తక్కిన రెండును పంక్తిలో దాగియుండును. అది అమరినను తొలగునది ఒక సంకేతమే. ‘లక్ష్మి’ చివర ఒకసారి చెరపిన ‘లక్ష్మ’ మిగులును.

పరిహారములు మూడు. మొదటిది, పంక్తి పొడవునకు తగినట్లు స్థానమును పెంచుకొను గెట్‌లైన్ వంటి ప్రమేయమును గ్రహించుట; ఇది 2008 నాటి పోసిక్స్ ప్రమాణమున చేరినది. హద్దు చూడని గెట్స్ అను పాత ప్రమేయమును 2011 నాటి సి ప్రమాణము తొలగించినది. రెండవది, చదివిన వెంటనే బైట్లు సక్రమముగా ఉన్నవో లేవో పరీక్షించుట. మూడవది, అక్షరవిభజనకు యూనికోడ్ నియమముల నాశ్రయించుట. ఇందొక జాగ్రత్త అవసరము. 2023లో వెలువడిన 15.1వ కూర్పునకు పూర్వము ఆ సామాన్యనియమములు పొల్లు తరువాత విడదీయుటచే ‘లక్ష్మి’ ల, క్, ష్, మి అని నాలుగు ఖండములయ్యెడిది. ఆ కూర్పు తెలుగు మొదలగు లిపుల సంయుక్తాక్షరములను ఏకముగా గ్రహించుటచే రెండు ఖండములే ఏర్పడును. పాత నియమములతో గణవిభజన చేయు ప్రోగ్రాము హగణమును గుర్తింపజాలదు.

బైటు యంత్రమునకు, సంకేతము లేఖనమునకు, అక్షరము ఛందస్సునకు ప్రమాణములు. స్థానము కేటాయించునపుడు మొదటిదానిని, చెరపునపుడు రెండవదానిని, గణములు లెక్కించునపుడు మూడవదానిని గ్రహింపవలెను. వర్ణాక్షరముల భేదమును నిత్యము బోధించు ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు ఈ వివేకమును ప్రోగ్రాము వ్రాయువారికి అందింపగలరు. అట్లయిన గ్రంథముల పేర్లు పట్టికలలో చెడక నిలుచును.