సుత్తి మోగే చోట తినండి

చైనా వెళ్లొచ్చామని చెబితే చాలు, మనవాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: ‘తేళ్లు తిన్నారా?’ పుల్లకు గుచ్చిన తేలు ఫొటో అంతగా జనంలోకి వెళ్లిపోయింది. ఆ ఫొటోల్లో చాలావాటికి పుట్టిల్లు బీజింగ్‌లోని డోంగ్‌హువామెన్ రాత్రి బజారు. అది 2016లోనే మూతపడింది. తెరిచి ఉన్న రోజుల్లో కూడా ఆ తేళ్ల దగ్గర గుమిగూడింది ఎక్కువగా కెమెరా పట్టుకొచ్చిన పర్యాటకులే. బీజింగ్ వాసులు వాటి జోలికి వెళ్లేది తక్కువ.

బజారు పోయినా ఆ వ్యాపార సూత్రం పోలేదు. చెంగ్డూలో జిన్‌లీ వీధి, నాన్‌జింగ్‌లో కన్ఫ్యూషియస్ గుడి పరిసరాలు, షాంఘైలో యూయువాన్ చుట్టుపక్కల... ఏ ‘పాత వీధి’కి వెళ్లినా అవే ఎర్ర లాంతర్లు, పెనం మీద అదే స్క్విడ్, ఘాటు వాసన కొట్టే అదే టోఫు, పాకం పూసిన అవే పుల్లటి హాథార్న్ పళ్లు, ఫ్రిజ్‌కు అంటించుకునే అవే అయస్కాంతం బిళ్లలు. బిళ్ల మీద ఊరి పేరు మారుతుంది, సరుకు మారదు.

షియాన్ నగరంలోని ముస్లిం వాడ కూడా ఈ జబ్బు నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. స్క్విడ్ పుల్లలు అక్కడా ఉన్నాయి. సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లో వాటికేం పనో వాళ్లకే తెలియాలి. అయినా, చైనాలో ఒక్క తిండివీధికే తీరిక ఉందంటే నేను అక్కడికే వెళ్లమంటాను. అక్కడ ఇంకా మనుషులు కాపురం ఉంటున్నారు. వాళ్లు తినేది వాళ్లే వండుకుంటున్నారు. వచ్చినవాడు చూస్తే చూస్తాడు, లేకపోతే లేదు.

షియాన్ అంటే ఒకప్పటి చాంగాన్. పట్టుదారికి తూర్పు కొస. 1974లో బావి తవ్వుతున్న రైతులకు మట్టి సైనికులు దొరికింది ఈ ఊరి శివార్లలోనే. మనకు ఈ ఊరితో ఒక బంధుత్వం కూడా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో హుయాన్‌త్సాంగ్‌గా పరిచయమైన బౌద్ధ యాత్రికుడు బయల్దేరింది చాంగాన్ నుంచే. ఆయన తిరుగుతూ తిరుగుతూ కృష్ణాతీరంలోని ధాన్యకటకం దాకా, అంటే మన అమరావతి సీమ దాకా వచ్చి, 645లో గ్రంథాలతో తిరిగి చాంగాన్ చేరాడు. ఆయన తెచ్చినవాటి కోసం కట్టిన పెద్ద గోపురం ఊరికి దక్షిణాన ఇప్పటికీ నిలబడి ఉంది.

మెట్రో రెండో లైన్లో గంట గోపురం స్టేషన్‌లో దిగితే, నాలుగడుగుల్లో నగారా గోపురం. 1380లో, మింగ్ వంశం నాడు కట్టినది. దాని కింది కమాను దాటగానే బెయ్‌యువాన్‌మెన్ వీధి మొదలవుతుంది. పొడవు అర కిలోమీటరు ఉంటుంది, అంతే. రాతి పలకలు పరిచిన నడక వీధి.

వీధిలోనూ చుట్టూ సందుల్లోనూ ఉండేవాళ్లు ఎక్కువగా హుయ్ ముస్లింలు. తాంగ్ రాజుల కాలంలో పట్టుదారి వెంట వచ్చిన అరబ్బు, పారశీక వర్తకుల సంతతి అని చెప్పుకుంటారు. మాట చైనీస్, ముఖాలు చైనీస్, నెత్తిన తెల్లటోపీ. దుకాణాల మీద ఆకుపచ్చ హలాల్ గుర్తులు. పంది మాంసం లేని చైనా వీధి కావడంతో మనవాళ్లలో చాలామందికి ఇక్కడ సగం బెంగ తీరుతుంది. మేక, గొర్రె, ఎద్దు మాంసాలు మాత్రం అడుగడుగునా ఉంటాయి.

కమాను దాటి కాస్త నడిచేసరికి ఠపఠపా చప్పుడు. ఇద్దరు కుర్రాళ్లు చెక్క దిమ్మెకు అటూ ఇటూ నిలబడి, భుజాల మీదికెత్తిన చెక్క సుత్తులతో ఒకరి తర్వాత ఒకరు బాదుతుంటారు. దిమ్మె మీద వేయించిన పల్లీలు, నువ్వులు, ఇంకా వేడి తగ్గని పాకం. దెబ్బదెబ్బకీ అది అట్టులా పలచబడుతుంది. మడిచి మళ్లీ బాదుతారు. పొరలుపొరలుగా వచ్చాక కత్తితో బిళ్లలు కోస్తారు. నోట్లో వేసుకుంటే మన పల్లీపట్టీలా పంటికి అడ్డం పడకుండా పొడిపొడిగా రాలిపోతుంది. పక్క దుకాణంలో గోడకున్న కొక్కేనికి అల్లం పాకం తగిలించి, జడలా లాగి, మళ్లీ మడిచి లాగుతుంటారు. ఇదంతా జనాన్ని ఆకర్షించడానికే, కాదనను. కానీ మీరు కొనే బిళ్ల ఆ సుత్తి కిందనుంచే వచ్చింది. అదీ తేడా.

ఈ వీధికి నేను పెట్టుకున్న కొండగుర్తు కూడా ఇదే. పని కనబడే చోట తినాలి. దుకాణం ముందే గొర్రెను వేలాడదీసి, ముక్కలు కోసి, జీలకర్ర, కారం చల్లి బొగ్గుల మీద కాలుస్తున్నవాడి దగ్గర నిలబడవచ్చు. ప్లాస్టిక్ సంచిలోంచి తీసిన గడ్డకట్టిన పుల్లల్ని వేడిచేసే చోట నిలబడక్కర్లేదు. దానిమ్మ రసం అడిగితే పండు కోసి పిండేవాడు ఒకడు, సీసాలు వరుసగా పేర్చుకున్నవాడు ఒకడు. షియాన్ పక్కనున్న లిన్‌తోంగ్ దానిమ్మకు ప్రసిద్ధి. సీసా కొంటే ఆ ఊరిని అవమానించినట్లే.

అదే లిన్‌తోంగ్ పర్సిమన్ పళ్లకూ పేరుమోసింది. చూడ్డానికి టమాటాలా ఉండే ఈ పండు ఇప్పుడు హైదరాబాద్ పళ్ల దుకాణాల్లోనూ కనిపిస్తోంది. దాని గుజ్జులో పిండి కలిపి, లోపల చక్కెరో, అక్రోటు పలుకులో, ఎర్ర బీన్స్ ముద్దో పెట్టి నూనెలో వేయిస్తారు. నారింజ రంగు బిళ్ల. వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది. చల్లారితే రబ్బరే.

తీరిగ్గా కూర్చుని తినాల్సింది మాత్రం యాంగ్‌రౌ పావ్‌మో. దీనికోసం హోటల్లోకి వెళ్లాలి. 1898 నాటి లావ్ సున్ జియా లాంటి పాత పేర్లు షియాన్‌లో ఇంకా నడుస్తున్నాయి. కూర్చోగానే ఖాళీ గిన్నె, గట్టి రొట్టె ఒకటో రెండో తెచ్చి పెడతారు. కొత్తవాళ్లు కూర ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. రాదు. ముందు మీరు పని చెయ్యాలి. రొట్టెను గోళ్లతో గిల్లి, శనగగింజంత ముక్కలు చెయ్యాలి. పెద్ద ముక్కలైతే పులుసు లోపలికి దిగదు. అయ్యాక గిన్నెను వంటింట్లోకి తీసుకెళ్లి, మీ ముక్కల్నే మాంసం పులుసులో సేమ్యాతో కలిపి మరిగించి, పైన మాంసం ముక్కలు పేర్చి తెస్తారు. గిన్నెలు తారుమారు కాకుండా ఒక్కోదానికి నంబరు బిళ్ల. పక్కన తియ్యగా ఊరిన వెల్లుల్లి, కారం ముద్ద. ఊళ్లోవాళ్లు దాన్ని కలపరు, అంచునుంచి కొంచెం కొంచెం తింటారు. రొట్టె గిల్లుతున్న ఆ అరగంటలోనే అక్కడ కబుర్లన్నీ నడుస్తాయి. పొరుగు బల్ల మీది ముసలాయన మీ గిన్నెలోకి తొంగిచూసి, ముక్కలు ఇంకా చిన్నవి చెయ్యమని సైగ చేసినా ఆశ్చర్యపోకండి.

మాంసం ముట్టనివారికి దారులు తక్కువే కానీ ఉన్నాయి. చల్లటి లియాంగ్‌పీ అనే వెడల్పాటి నూడుల్స్‌ను నువ్వుల ముద్ద, వెనిగర్, ఎర్ర మిరప నూనెతో కలిపిస్తారు. ఆ నూనె చూస్తే గుంటూరువాళ్లకు ప్రాణం లేచొస్తుంది. రంగుకు తగిన మంట మాత్రం ఉండదు.

ఇక కొనుగోళ్లు. నగారా గోపురం పక్కనుంచి మసీదు వైపు మెలికలు తిరిగే హువాజుయె సందు మొత్తం జ్ఞాపికల బజారే. బొటనవేలంత నుంచి మోకాలెత్తు దాకా మట్టి సైనికులు, పట్టు అనిపించుకునే పాలిస్టర్ కండువాలు, ‘పురాతన’ నాణేలు. కాలిక్యులేటర్ మీద చూపిన ధరలో మూడోవంతు దగ్గర బేరం మొదలుపెట్టండి, మొహమాటం వద్దు. పాత నాణెం అన్నదాన్ని మాత్రం అసలు ముట్టుకోకండి.

కొనదగ్గవి తోలుబొమ్మలు. ఈ షాన్షీ రాష్ట్రం తోలుబొమ్మల పుట్టిళ్లలో ఒకటి. చైనా తోలుబొమ్మలాటను యునెస్కో 2011లో వారసత్వ జాబితాలో చేర్చింది. మన నిమ్మలకుంటలో మనిషెత్తు బొమ్మలు చూసినవారికి ఇవి పిల్లల్లా కనిపిస్తాయి. మూరెడైనా ఉండవు. ఎద్దుతోలును పలచగా గీకి, చిన్న ఉలులతో అంగీ మీది పూలు, కనుబొమ్మ గీత దాకా తొలిచి, రంగులద్దుతారు. తల వేరుగా ఉంటుంది. ఒకే ఒంటికి రాజు తల తగిలిస్తే రాజు, విదూషకుడి తల తగిలిస్తే విదూషకుడు. చిన్న మేళం పెద్ద కథ ఆడటానికి వేసిన ఎత్తు ఇది.

ఇక్కడా నకిలీలు బోలెడు. అచ్చుకొట్టిన ప్లాస్టిక్ బొమ్మను ఫ్రేములో బిగించి అమ్ముతారు. దుకాణం దీపానికి ఎదురుగా పెట్టి చూపించమనండి. అసలు తోలైతే రంగు లోపలినుంచి వెలిగినట్టుంటుంది, రంధ్రాల అంచుల్లో ఉలి తాకిన చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి. కీళ్లు దారంతో ముడేసి ఉంటాయి. వందసార్లు అచ్చుగుద్దినట్టున్న అంచు కనిపిస్తే పెట్టేసి రండి.

ఆ హువాజుయె సందులోనే మహా మసీదు. గుమ్మటం లేదు, ఆకాశాన్నంటే మీనార్లు లేవు. వంపు తిరిగిన పెంకుల చూర్లు, ఒకదాని వెనక ఒకటిగా ముంగిళ్లు, నీలి పెంకుల ప్రార్థనా మందిరం. ఇప్పటి కట్టడాలు ఎక్కువగా మింగ్ కాలం నుంచి వచ్చినవి. ప్రార్థనా మందిరంలోకి ముస్లింలను తప్ప రానివ్వరు. బయటి ముంగిళ్లే చాలు.

సుదీర్ఘ విరామం తర్వాత 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా విమానాలు మొదలయ్యాయి కాబట్టి మన పర్యాటకులు మళ్లీ పెరుగుతారు. ఈ వీధిలో బండివాళ్లు ఎక్కువగా క్యూఆర్ కోడ్‌తోనే డబ్బు తీసుకుంటారు. ఇంట్లోనే అలీపే యాప్‌కు కార్డు జతచేసుకుని వెళ్లండి. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, ఆ రోజుల్లో వీధిలో నడవడం కాదు, జనమే మిమ్మల్ని మోసుకెళ్తుంది. లాంతర్ల ఫొటో కావాలంటే రాత్రి వెళ్లండి. తిండి కావాలంటే పొద్దున్నే, పెద్ద వీధి వదిలి సాజిన్‌చియావ్ వైపు వెళ్లండి. జిగురుబియ్యం, ఎర్ర రేగుపళ్లు, బీన్స్ పొరలుగా వేసి ఆవిరి మీద ఉడికించిన జెంగ్‌గావ్‌ను పెద్ద కుండలోంచి చెక్కి ఇస్తారు. ఆ వాడవాళ్ల పొద్దుటి ఫలహారం అదే. ఆలస్యమైతే కుండ ఖాళీ అయిపోతుంది.