స్టూవర్టుపురం ఎరుకల కుటుంబచరిత్రలు: పరిరక్షణలో విద్యార్థుల పాత్ర

కీలకపదాలు: ఎరుకలు, స్టూవర్టుపురం, నేరస్థ జాతుల చట్టం, మౌఖిక చరిత్ర, జాతీయ సేవా పథకం.

1. ప్రవేశిక:
బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం ఎరుకలను గురించి ఇతరులు రాసిన పత్రాలు విస్తారం. వారు తమను గురించి రాసుకున్నవి స్వల్పం. ఈ అసమానతను తగ్గించడంలో విద్యార్థుల స్వచ్ఛంద సేవకు గల అవకాశాన్ని, దాని హద్దులను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. అధికార పత్రాలు:
ఎరుకలు ఎడ్లమీద, గాడిదలమీద ఉప్పు, ధాన్యం మోసి అమ్మిన సంచార వర్తకులు. బుట్టలల్లడం, సోది చెప్పడం వారి ఇతర వృత్తులు. వలసపాలనలో రైలుమార్గాల విస్తరణ, ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం అటువంటి సముదాయాల నమోదుకు, వేలిముద్రల సేకరణకు, కదలికలపై ఆంక్షలకు వీలు కల్పించింది. ఆ దశకంలోనే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. సెటిల్మెంటు వాసులు చీరాల పొగాకు కర్మాగారానికి కార్మికులైన తీరును మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తమ గ్రంథంలో విశ్లేషించారు. చట్టం 1952లో రద్దయింది. అయితే నాటి మద్రాసు ప్రభుత్వ పత్రాలు చెన్నై ఆర్కైవ్స్‌లోను, సాల్వేషన్ ఆర్మీ చారిత్రక పత్రాలు లండన్‌లోను ఉన్నాయి. ఆ కుటుంబాల వారసులకు అవి సులభంగా అందేవి కావు.

3. కుటుంబస్మృతి:
ఎరుకలలోని కావడి, సాతుపాడి, మానుపాడి విభాగాల పేర్లను థర్‌స్టన్ 1909లో దేవునికి కావడి మోయడం, అలంకరించడం, కీర్తించడం అనే సేవలతో ముడిపెట్టాడు. ఒకే సముదాయం పోలీసు రిజిస్టరులో నేరంతోను, తన విభాగనామాలలో దైవసేవతోను గుర్తింపు పొందింది. ఈ రెండవ చరిత్రకు ఆధారం వృద్ధుల జ్ఞాపకం, వారు మాట్లాడే కుర్రు భాష. ఆ భాషకు సొంత లిపి లేదు.

4. విద్యార్థులు చేయదగినది:
1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం ఈ పనికి అనువైన వేదిక. ఇంట్లోని పట్టాలు, బడి ధ్రువపత్రాలు, ఛాయాచిత్రాలను అక్కడే స్కాన్ చేసి, అసలు ప్రతులను ఇంటివారికే అప్పగించాలి. వారం రోజుల శిబిరం స్కానింగుకు చాలవచ్చు. నమ్మకం కలగడానికి చాలదు. అందువల్ల అదే సముదాయపు విద్యార్థులు ముందుండి, పలుమార్లు వెళ్లవలసి ఉంటుంది. ప్రశ్నలు నేరంతో గాక వృత్తి, వలస, పెళ్లిసంబంధాలతో మొదలు కావాలి. పాత రిజిస్టరులోని పేరును ప్రకటిస్తే, ముత్తాతపై పడిన ముద్ర మునిమనుమడికీ అంటుతుంది. కనుక ఏది దాచాలో, ఏది వెల్లడించాలో కుటుంబమే నిర్ణయించాలి. ప్రతి రికార్డింగు నకలు మొదట ఆ ఇంటికే చేరాలి.

5. ముగింపు:
నాడు వేలిముద్ర వేయించుకున్నవారి అనుమతిని ఎవరూ అడగలేదు. నేటి సేకరణ ఆ అనుమతితోనే మొదలుకావాలి. అప్పుడే అది మరో రిజిస్టరు కాక, ఆ కుటుంబాల సొంత చరిత్ర అవుతుంది.