వార్తల్లో పదం: నైబర్‌హుడ్ స్కూల్

ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లకు ప్రకటన వెలువడినప్పుడల్లా ఈ మాట వార్తల్లోకి వస్తుంది. విద్యార్థి ఇంటికి నిర్ణీత దూరంలో ఉన్న బడే నైబర్‌హుడ్ స్కూల్. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టానికి ఇది కీలకం. కేంద్రం నమూనా నిబంధనల ప్రకారం 1–5 తరగతులకు ఈ పరిధి కిలోమీటరు, 6–8 తరగతులకు 3 కిలోమీటర్లు. ఆ పరిధిలో బడి లేకపోతే ప్రభుత్వమే పెట్టాలి.

ఉచిత సీట్లకు మొదట చూసేది చిరునామా రుజువు. సాధారణంగా బడికి దగ్గర్లో ఉన్నవారికి ముందు అవకాశమిస్తారు. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు.

ప్రభుత్వ బడికి కిలోమీటరు లోపున్న ప్రైవేటు బడులకు ఉచిత సీట్లిచ్చే బాధ్యత నుంచి మినహాయింపునిస్తూ మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించింది. బాంబే హైకోర్టు అదే ఏడాది జులైలో ఆ సవరణను కొట్టేసింది.

తల్లిదండ్రులు గమనించాల్సింది ఒకటే: సీటు దక్కడానికి అర్హతతో పాటు ఇంటికీ బడికీ మధ్య దూరమూ లెక్కే. అద్దె ఇల్లు మారినవారు దరఖాస్తుకు ముందే చిరునామా పత్రాలు సరిచేయించుకోవడం మేలు.