నూట పదునారు సంఖ్య గల గూఢచారి

రాజునకు చారులే కన్నులని మన పెద్దలు చెప్పిరి. ఆ కన్నులు చాటున నుండి చూచునవి గాన వానిని చూచినవారు అరుదు. కనరానిదానిని కనవలెనను కోరిక మాత్రము మనుష్యులకు ఏ కాలమునను తీరినది కాదు. చలనచిత్రము పుట్టిన పిమ్మట ఆ కోరికకు గూఢచారి చిత్రమను నొక మార్గము దొరకినది. తుపాకుల మ్రోతలతోడను మోటారుబండ్ల పరుగులతోడను ఇల్లాండ్రకేమి పని యని కొందఱు నవ్వవచ్చును. నవ్వనిండు. మేము ఈ చిత్రములను విడువక చూచువారము. చూచినదానిని గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటించుట తప్పు కాదని తలంచుచున్నాము.

తెలుగువారికి గూఢచారి యనగానే మదికి దోచునది 116 అను సంఖ్య. "గూఢచారి 116" చిత్రము 1966వ సంవత్సరమున వెలువడినది. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ గారలు. దర్శకులు మల్లికార్జునరావు గారు. రచన ఆరుద్ర గారిది. నాయకుడు కృష్ణ. అంతకు ముందటి యేడే ఆదుర్తి సుబ్బారావు గారు "తేనె మనసులు" చిత్రమున క్రొత్తవారిని దెచ్చి నిలుపగా వారిలో నీయన యొకరు. ఆ చిత్రములో ఆయన స్వయముగా చేసిన వాహనసాహసమును చూచి డూండీ గారు ఈ వేషమునకు పిలిచిరని చెప్పుకొందురు. నాయిక జయలలిత, తరువాతి కాలమున తమిళనాడునకు ముఖ్యమంత్రి యైన జయలలితయే. 303 సంఖ్య గల చారుడు శత్రువులచే హతుడగును. ఆ గుట్టు విప్పుటకు 116 సంఖ్య గలవాడు వచ్చును. కథ యింతియే. అయినను నాటినుండి కృష్ణ గారికి ఆంధ్రా జేమ్స్ బాండ్ అను బిరుదు నిలిచిపోయినది.

ఈ బిరుదు విషయమున మాకొక చిన్న ఆక్షేపణ కలదు. 117 సంఖ్య గల చారుని కథలను ఝాన్ బ్రూస్ అను ఫ్రెంచి రచయిత 1949లోనే మొదలిడెను. ఇయాన్ ఫ్లెమింగు వ్రాసిన తొలి బాండు నవల 1953లో గాని రాలేదు. మన చిత్రమునకు ఆ ఫ్రెంచి చిత్రముల ఛాయ గలదని చిత్రవిమర్శకులందురు. ఆ మాటయే నిజమైనచో మనవాడు బాండునకు తమ్ముడు కాడు. బాండుకంటె ముందు పుట్టిన వేఱొక యన్నకు, ఒక్క సంఖ్య వెనుకగా నిలిచిన తమ్ముడు. అప్పు తెచ్చినవారు అప్పిచ్చుటయు నేర్చిరి. 1967లో ఈ కథయే హిందీలో "ఫర్జ్" అను పేర జితేంద్ర నాయకుడుగా వచ్చినది. తెలుగు చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన రవికాంత్ నగాయిచ్ దానికి దర్శకుడయ్యెను. బొంబాయివారు మన సంఖ్యను గూడ మార్చలేదు.

పిదప కృష్ణ గారే 1971లో "జేమ్స్ బాండ్ 777", 1978లో "ఏజెంట్ గోపి", 1981లో "రహస్య గూఢచారి"గా వచ్చిరి. 1983లో చిరంజీవి గారు "గూఢచారి నెం. 1" అయిరి. వీనిలో కొన్ని చూడదగినవి, కొన్ని పాటలకొఱకు మాత్రము కూర్చుండదగినవి. వాని గుణదోషములు ఎంచుట కిది తావు కాదు.

ఆంగ్లమున బాండు పరంపర 1962లో "డాక్టర్ నో"తో మొదలై 2021లో "నో టైమ్ టు డై"తో ఇరువదియైదు చిత్రములైనది. షాన్ కానరీ మొదలు డేనియల్ క్రెయిగ్ వఱకు ఆర్గురు ఆ వేషము ధరించిరి. ఒకే కథను ఇన్నిమారులు చూచుటలో రుచి యేమని మా యింటివారే యడిగిరి. బతుకమ్మను పేర్చుటలో నున్న రుచియే యని మా సమాధానము. ఏటేటను అదే పళ్ళెరము, అదే తంగేడు, అదే గునుగు, వరుసపై వరుస, శిఖరమున గౌరమ్మ. కూర్పు మాఱదు, ఆ యేటి పూలు మాత్రము ఆ యేటివే. బాండు చిత్రమునను అంతే. ముందు తుపాకి గొట్టములోనుండి చూచినట్టి వలయము, తరువాత అధికారి గది, వింత యంత్రములు చేయువాని కార్ఖానా, సముద్రమునడుమనో మంచుకొండపైననో దుర్మార్గుని కోట. వరుస తప్పినచో ప్రేక్షకులకు కోపము, ఉన్నదున్నట్లు వచ్చినచో విసుగు. ఈ రెంటి నడుమ అరువది సంవత్సరములు నడచుట సామాన్యము కాదు. 1983 నాటి "ఆక్టోపస్సీ" చిత్రమునకై వారు ఉదయపురము వచ్చి, మన దేశమున పాములవాండ్రును నిప్పులపై నడచువారును దప్ప వేఱెవ్వరును లేనట్లు చూపిరి. మద్రాసు టెన్నిసు వీరుడు విజయ్ అమృతరాజ్ గారిచేత నాగస్వరము పట్టించిరి! దానిని మేము క్షమింపలేదు గాని, చూడకుండను ఉండలేదు.

ఇంత యిష్టపడినను మనస్సున ముల్లువలె గ్రుచ్చు విషయ మొకటి కలదు. ఈ చిత్రములలో స్త్రీకి దక్కిన స్థానమెట్టిది? 1964 నాటి "గోల్డ్‌ఫింగర్"లో నొక యువతిని చంపి దేహమంతయు బంగారు పూత పూసి పడవైతురు. బంగారము మన యిండ్లలో మంగళద్రవ్యము. అచట శవమునకు ముసుగైనది. 1969 చిత్రములో బాండు పెండ్లి యాడెను. పెండ్లినాడే ఆ వధువు శత్రువుల గుండుదెబ్బకు కూలినది. 2006లో వెస్పర్ అను నామె వెనీసు నీళ్ళలో మునిగిపోయినది. కడపట 2021లో అతనికొక పసికూతురు కలదని తెలిసినది. శత్రువు చేసిన పన్నాగమున తన స్పర్శయే ప్రియురాలికిని కూతునకును విషమగునని యెఱిగి, అతడు ద్వీపమునందే నిలిచి మరణించెను. ఇరువదియైదు చిత్రములలో నెన్నడును ఇల్లు లేనివాడు, ఇల్లు దొరకిన మఱుక్షణమున చచ్చుట! ఆ దృశ్యమున మాకు కన్నీరు వచ్చిన మాట నిజము. అయినను కోపమును వచ్చినది. గూఢచారికి ఇల్లు ఉండరాదని ఈ రచయితలకెవరు చెప్పిరి?

మన గ్రంథములు మఱియొక విధముగా చెప్పుచున్నవి. మైసూరు పండితులు శామశాస్త్రి గారు తాళపత్రములనుండి వెలికిదెచ్చి 1909లో ముద్రించిన కౌటిలీయార్థశాస్త్రమున నొకచోట నుండి పనిచేయు చారులు ఐదు తెఱగులు. వారిలో గృహపతికుడు, అనగా సేద్యము చేసికొను సంసారి, యొకడు. సంచరించు చారులలో భిక్షుకి గలదు. ఆమె పేదరాలు, విధవ, మాటకారి. అంతఃపురమున గౌరవము గలది. మంత్రుల యిండ్లకు రాకపోకలు గలది. వంటయింటి వఱకు పోగలవారికి దెలియని రహస్యమేమి యుండును?

విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమును మేము చిన్ననాట పితృపాదులయొద్ద చదివితిమి. దాని తొలి యంకమునకు సాటి వచ్చు గూఢచారి చిత్రమును నేటివఱకు మేము చూడలేదు. నిపుణకుడను చారుడు యమపటము చేతబట్టి పాడుచు ఇల్లిల్లు తిరుగును. చేర్యాల నకాషీ పటమును విప్పి కథ చెప్పువారిని ఎఱిగిన మన ప్రాంతపు వారికి ఆ వేషము వెంటనే కన్నులకు గట్టును. చందనదాసుని యింట వాడు పటము పఱచి పాడుచుండగా, ఐదేండ్ల బాలుడొకడు ముచ్చటపడి లోపలినుండి పరుగున వచ్చును. "అయ్యో, బయటికి పోయినాడే" యని లోపల స్త్రీల కలకలము. ఒక యిల్లాలి చేయి తలుపు చాటునుండి చాచి బిడ్డను లోపలికి లాగును. ఆ తొందరలో పురుషుని వ్రేలి కొలతకు చేసిన యుంగరము ఆమె వ్రేలినుండి జాఱి, గడప దాటి దొర్లి, చారుని పాదముకడ ఆగును. దానిపై రాక్షసమంత్రి పేరు. ఆ ఉంగరముతోనే చాణక్యుడు రాజ్యమంతయు కట్టివైచును. తుపాకి లేదు, మోటారుబండి లేదు. ఒక తల్లి తన బిడ్డ బయటికి పోకుండ పట్టుకొన్నది, అంతే. ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల గడపలో నిలుచున్న మా వంటివారికి గుండె ఝల్లుమనును.

నిజమైన లోకమునను ఇల్లాండ్రు ఈ పనికి దూరముగా లేరు. స్టెల్లా రిమింగ్టన్ అను నామె భర్త యుద్యోగమువలన ఢిల్లీకి వచ్చిన గృహిణి. 1967లో అచటి బ్రిటిషు హైకమిషనులోని యొక యధికారి కార్యాలయపు వ్రాతపనికి సాయము రమ్మని యామెను పిలిచెను. ఆ యధికారి బ్రిటిషు రహస్యశాఖవాడు. మన 116 తెరకెక్కిన మఱుసటి యేడు టైపుయంత్రముతో మొదలిడిన యామె, 1992లో ఎం.ఐ.5 అను ఆ శాఖకే తొలి మహిళాధిపతి యైనది. తరువాత మూడేండ్లకు బాండు చిత్రములు మేల్కొని, జూడీ డెంచ్‌ను అతని పై యధికారిణిగా కూర్చుండబెట్టినవి. ఆమె 2012 వఱకు ఏడు చిత్రములలో అతనిని మందలించినది. బాండు పనిచేయు ఎం.ఐ.6 శాఖకు నిజముగా నొక స్త్రీ అధిపతి యగుటకు మాత్రము 2025 వఱకు ఆగవలసివచ్చెను. టిప్పు సుల్తాను వంశజ యైన నూర్ ఇనాయత్ ఖాన్ మాట వేఱు. పిల్లలకు జాతక కథలు వ్రాసిన ఆ మెత్తని మనిషి 1943లో ప్యారిసున శత్రువుల నడుమ రేడియోయంత్రము నడపి, పట్టువడి, 1944లో డాఖౌ చెఱలో ప్రాణములు విడిచినది.

ఇంతవఱకు వినోదము. ఇక మా కరీంనగరు, ఆదిలాబాదు సీమల మాట చెప్పక తప్పదు. తెరపైని గూఢచారికి ఈలలు వేసిన ఊళ్ళలోనే ఆ మాటకు భయపడిన కాలము గడచినది. 1940లో జోడేఘాట్ అడవులలో కొమరం భీము నేలకొఱిగినది లోపలివాడొకడు జాడ చెప్పుటచేతనే యని గోండులు నేటికిని చెప్పుకొందురు. "ఏజెంట్ గోపి" వెలువడిన 1978వ సంవత్సరముననే జగిత్యాల జైత్రయాత్ర జరిగినది. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిరి. 1981లో ఇంద్రవెల్లి కాల్పులు. ఆ పిమ్మటి సంవత్సరములలో ఇన్ఫార్మర్ అను ఆంగ్లపదము అక్షరము రానివారికిని తెలిసిపోయినది. పోలీసులకు వార్త చేర్చినాడను అనుమానముతో అడవిలోనివారు ప్రాణములు తీసినవారున్నారు. అడవిలోనివారికి అన్నము పెట్టినాడని స్టేషనుకు కొనిపోబడినవారున్నారు. రాత్రి తలుపు తట్టి అన్నమడిగినవానికి పెట్టిన నొక యాపద, పెట్టకున్న మఱియొకటి. ఆ తలుపు తీయవలసినది ఎవరు? ఇంటి స్త్రీయే. చారుల పోరున ముందుగా నలిగినది ఆమె వంటయిల్లే. సినిమాలో చారుడు ఎవడో చివరకు దెలియును, దీపములు వెలుగును, జనులు ఇండ్లకు పోవుదురు. ఇచట చచ్చినవాడు నిజముగా వార్త చేర్చెనో లేదో తెలియకయే కర్మకాండలు జరిగిపోయినవి.

దానికి ముందటి తరమున తెలంగాణ సాయుధపోరాటకాలపు స్త్రీలు చేసిన రహస్యపు పనులు ఏ నవలకును తీసిపోవు. "మనకు తెలియని మన చరిత్ర" అను గ్రంథము 1986లో వారి మాటలనే సేకరించి ప్రకటించినది. రహస్యజీవనమున నున్న కార్యకర్తలకొఱకు ఊరు కాని ఊర ఇల్లు అద్దెకు దీసికొని, సంసారము నడుపుచున్నట్లు కనబడవలెను. పేరు మార్చుకొనవలెను, వంట చేయవలెను, ఇరుగుపొరుగు అడిగిన ప్రశ్నలకు తడబడక బదులీయవలెను. పొరుగింటి యిల్లాలి కన్నుకు మించిన పోలీసు కన్ను లేదని మనకందఱకు దెలియును గదా! కొందఱు కన్నబిడ్డలను బంధువులకు ఒప్పగించి ఈ కొలువునకు వచ్చిరి. వీరికి సంఖ్య లేదు, బిరుదు లేదు.

2018లో శశికిరణ్ తిక్క గారి దర్శకత్వమున అడివి శేష్ నాయకుడుగా వచ్చిన "గూఢచారి"ని మేము మిక్కిలి యాసక్తితో చూచితిమి. అందలి నాయకుని పేరు మరల గోపియే. ఏబదిరెండేండ్ల నాటి పూర్వుని పేరు వానికి బెట్టుట మాకు మనుమనికి తాత పేరు పెట్టినట్లు తోచినది. ఆ చిత్రమున చారుల సంస్థకు త్రినేత్ర యని పేరు. గోపి తండ్రి లేనివాడు. పెంచినవాని చేతి యన్నము తిని పెరిగినవాడు. ఆ కారణముచేతనే కథ కొంత యింటి వాసన గలదై మాకు నచ్చినది. చారసంస్థ కార్యాలయమున స్త్రీలు ఆజ్ఞలిచ్చుటయు చూచితిమి. 2022 నవంబరు 15న కృష్ణ గారు కాలధర్మము నొందిన పిమ్మట మా యింట 1966 నాటి చిత్రమును మరల పెట్టుకొని చూచితిమి. పిల్లలు దానిలోని యంత్రములను చూచి నవ్విరి. పాటలు వచ్చినప్పుడు మాత్రము లేచి పోలేదు.

మాకు ఇంకను మిగిలిన కోరిక యొకటి కలదు. కరీంనగరమున 1909లో పుట్టిన పైడి జైరాజు గారు హిందీ చిత్రములలో పెక్కు వీరపాత్రలు ధరించిరి గాని, మన తెలంగాణపు మాట మాటలాడు గూఢచారి మాకు ఇంతవఱకు తెరపై కనబడలేదు. అద్దె యింట మాఱుపేరుతో పొయ్యి రాజేసి, పొరుగింటామెకు పప్పు బదులిచ్చి, రాత్రి గుడ్డదీపము వెలుతురున చీటీ మడచి కొంగున ముడివేసిన ఆ యిల్లాలిని నాయికగా నిలిపి ఎవరైన నొక చిత్రము తీసినచో, మేము తొలినాటి తొలి యాటకే పోవుదుము. టిక్కెట్టు దొరకునట్లు ముందుగా తెలియజేసినచో జగిత్యాలనుండి మా చెల్లెండ్రును వత్తురు.