చిట్టా మార్చేటప్పుడు జాగ్రత్త

సర్వర్ మీద రాత్రింబగళ్లు నడిచే ప్రోగ్రాం తాను చేసిన పనిని ఒక ఫైలులో రాసుకుంటుంది. మన కొట్లలో రోజువారీ చిట్టా వంటిది. దానిని లాగ్ ఫైల్ అంటారు. అది పెరిగి డిస్కు నిండిపోకుండా, లినక్సులో లాగ్‌రొటేట్ అనే మరో ప్రోగ్రాం పాత చిట్టాకు పేరు మార్చి పక్కన పెడుతుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఫైలు తెరిచినప్పుడు ప్రోగ్రాంకు డిస్క్రిప్టర్ అనే ఒక చిన్న అంకె అందుతుంది. ఆ అంకె పట్టుకునేది ఫైలునే గాని, దాని పేరును కాదు. గుమాస్తా రాస్తుండగా అట్ట మీది చీటీ మార్చితే ఏమవుతుంది? అతను అదే పుస్తకంలో రాస్తూ పోతాడు. పాత ఫైలును చెరిపేసినా అంతే. ప్రోగ్రాం దాన్ని వదిలేదాకా డిస్కులో చోటు ఖాళీ కాదు.

అందుకే ప్రోగ్రాంకు ఒక సంకేతం పంపుతారు, ఎక్కువగా సిగ్‌హప్. ఒకప్పుడు టెలిఫోన్ లైను తెగిందని చెప్పడానికి పుట్టిన సంకేతం అది, తరువాత ఈ కొలువులో కుదురుకుంది. సి భాషలో కొత్తగా రాసేవారు సంకేతం అందిన చోటనే పనులన్నీ చేయబోతారు. అది తగదు. ప్రోగ్రాం అప్పుడు మెమరీ కేటాయింపు మధ్యలో ఉండవచ్చు. తాళం తన దగ్గరే పెట్టుకుని, మళ్లీ అదే తాళం కోసం కాచుకుని నిలిచిపోతుంది. అక్కడ ఒక జెండా ఎత్తి ఊరుకోవాలి. మిగతాది ప్రధాన లూప్ చూసుకుంటుంది.

అసలు ప్రమాదం ఆ మిగతాదానిలో ఉంది. పాతది మూసి కొత్తది తెరుద్దామనుకుంటాం. మూసిన అంకె 5 అనుకోండి. యూనిక్సు ఎప్పుడూ ఖాళీగా ఉన్న అతి చిన్న అంకెనే ఇస్తుంది. ఆ సందులో ఒక త్రెడ్ డేటాబేసు ఫైలు తెరిస్తే దానికే 5 దక్కవచ్చు. ఇంకో త్రెడ్, తెలియక, 5లో చిట్టా వాక్యం రాసేస్తుంది. ఖాతాదారుల లెక్కల నడుమ చిట్టా వాక్యాలు! ఏ హెచ్చరికా రాదు.

కనుక కొత్త ఫైలును ముందు తెరవండి, చివర చేర్చే పద్ధతిలో. తెరుచుకోకపోతే పాతదానిలోనే రాస్తూ ఉండండి. తెరుచుకుంటే, బఫరులో మిగిలింది పాతదానిలోకి పంపి డూప్-2 పిలవండి. 5ను పాత ఫైలు నుంచి విడిపించి కొత్తదానికి తగిలించడం అది ఒకే అడుగులో చేస్తుంది, నడుమ సందు ఉండదు. కొత్త ఫైలుకు మొదట వచ్చిన అంకెను ఆ తరువాత మూసేయండి. లేకుంటే మార్పు జరిగిన ప్రతిసారీ ఒకటి పేరుకుంటుంది.

రస్ట్ భాషలో ఈ బాధ తక్కువ. మ్యూటెక్స్ పట్టుకుని కొత్త ఫైలును పాతదాని చోట ఉంచితే, పాతది దానంతటదే మూసుకుంటుంది. జెండా సంగతి మాత్రం అక్కడా మనమే చూసుకోవాలి.

పరీక్షించదలచినవారు, రూటుగా కాకుండా, ముందు చిట్టా పేరు మార్చి, తరువాత డైరెక్టరీకి రాసే అనుమతి తీసేసి, సంకేతం పంపి చూడండి. పాత చిట్టాలో వాక్యాలు ఆగకుండా పడుతూ ఉండాలి.