బురద దారులు – సైకిలు మడ్‌గార్డులు

గ్రామాభివృద్ధి యనగానే రోడ్లు, మురుగుకాలువలు, త్రాగునీరు, వీధిదీపములు మన మనస్సునకు వచ్చును. ఇవి పెద్ద పనులు. వీటికి అంచనాలు, తీర్మానములు, నిధులు కావలెను. కాని కొన్ని చిన్న వస్తువులు గలవు. వాటికి పెద్ద వ్యయము లేదు. కొంత శ్రద్ధ మాత్రము కావలెను. సైకిలు మడ్‌గార్డు అట్టి వస్తువు. ఇది పంచాయతీ సభ్యులు ఆలోచింపదగిన విషయమా యని కొందరు నవ్వవచ్చును. వానాకాలమున ఒక్క ఉదయము బడి గేటువద్ద నిలిచి, సైకిళ్లపై వచ్చు పిల్లల వీపులను, పుస్తకముల సంచులను చూచినవారు మాత్రము నవ్వరు.

బీర్కూరునకు రెండు బురద కాలములు

కామారెడ్డి జిల్లాలోని బీర్కూరు మంజీరా నదీతీరమునగల మండల కేంద్రము. 2016 అక్టోబరు వరకు ఈ ప్రాంతము నిజామాబాదు జిల్లాలో నుండెను. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటివలన బాన్సువాడ, బీర్కూరు, వర్ని, బోధను ప్రాంతములు వరిపంటకు ప్రసిద్ధి చెందినవి. ఈ నీరు మనకు అన్నము పెట్టుచున్నది. దానితోపాటు బురదయు వచ్చుచున్నది.

మెట్టప్రాంతములలో బురద వానతో వచ్చి వానతో పోవును. కాలువక్రింది గ్రామములలో అట్లు కాదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానల బురద ఒకటి. డిసెంబరు, జనవరి మాసములలో యాసంగి నాట్ల బురద మరియొకటి. చలికాలమున ఆకాశము నిర్మలముగ నున్నను, కాలువనీరు పెట్టి పొలములను కరిగెట చేయుదురు. ట్రాక్టరు పొలము వెడలి రోడ్డెక్కునపుడు చక్రములకు పట్టిన మన్ను రోడ్డుపై రాలును. తెల్లవారుజామున మంచు పడి ఆ మన్ను తడిసి జారుచుండును. అదే సమయమున బడిపిల్లలు, కూలిపనివారు, పాలు పోయువారు ఆ దారిన సైకిళ్లపై పోవుదురు. కావున బీర్కూరు ప్రాంతమున మడ్‌గార్డు వానాకాలపు వస్తువు మాత్రమే కాదు, చలికాలమునకును అవసరమైనది.

బురద ఎట్లు ఎగురును?

చక్రము తిరుగునపుడు టైరునకు అంటిన నీరు, మన్ను దానితో కొంతదూరము తిరిగి, పిదప అంచునుండి విడిపోయి తిన్నగ ఎగిరిపోవును. సైకిలు ముందునకు పోవునపుడు చక్రపు వెనుకభాగము క్రిందినుండి పైకి లేచును. అందువలన వెనుక చక్రమునుండి వెడలిన బురద త్రొక్కువాని వీపునకు తగులును. ముందు చక్రమునుండి వెడలినది పాదములకు, పెడళ్లకు, గొలుసునకు తగులును.

ఇందు ఒక లెక్క గలదు. గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవు సైకిలు చక్రమునుండి నిట్టనిలువుగ లేచిన నీటిచుక్క, గాలి అడ్డగింపకున్నచో, సుమారు 90 సెంటీమీటర్లు పైకి పోగలదు. ఇరుసు నేలకు 30 సెంటీమీటర్లకు పైగా ఎత్తున నుండును. రెండును కలిపిన 120 సెంటీమీటర్లు దాటును. అనగా చుక్క పిల్లవాని వీపువరకు అందును. వేగము రెండింతలైన ఈ ఎగురు ఎత్తు నాలుగింతలగును. కావున మెల్లగ పోవు వృద్ధునికి కాలిమడమ తడిసినచోట, గంట కొట్టులోగా బడి చేరవలెనని త్రొక్కు బాలునికి మెడవరకు బురద పడును.

నష్టము బట్టలకు మాత్రమే కాదు

బురదపడిన చొక్కాను ఉతుకవచ్చును. కాని ఒకే జత బడిబట్టలున్న పిల్లకు ఆ చొక్కా మరునాటికి ఆరదు. తరగతిలో వీపుమీద మరకతో కూర్చుండుటకు సిగ్గుపడి, ముసురు దినములలో బడి మానుటకు పిల్లలు సాకులు వెదకుదురు. ఇది మొదటి నష్టము.

రెండవది సైకిలునకు కలుగు నష్టము. బురదలోని సన్నని ఇసుక గొలుసులోని నూనెతో కలిసి ఆకురాయివలె పనిచేయును. గొలుసు సాగును, పండ్లచక్రము అరుగును, బేరింగులలో మన్ను చేరును. ముందు మడ్‌గార్డు క్రిందివరకు సరిగనున్నచో ఈ నష్టము చాలవరకు తగ్గును.

మూడవది ప్రాణహాని. దీనిని గురించి మేము ప్రత్యేకముగ చెప్పదలచితిమి.

నల్లరేగడిలో పొంచియున్న ప్రమాదము

ఈ ప్రాంతమున నల్లరేగడి భూములు విస్తారముగ గలవు. రేగడిలోని బంకమన్ను నీరు పీల్చి ఉబ్బును. ఎండినపుడు కుంచించుకొని బీటలువారును. తడిరేగడి టైరునకు అంటుకొని పొరపై పొరగ పేరుకొనును. మడ్‌గార్డునకు, టైరునకు నడుమ సందు చాలనిచో ఆ మన్ను అచ్చట చిక్కుకొనును. గడ్డిపరకలు, వరిమొదళ్లు, చిన్న పుల్లలు దానితో కలిసినచో చక్రము బిగిసిపోవును. వెనుక చక్రము బిగిసినచో సైకిలు ఆగును. ముందు చక్రము ఒక్కసారిగ బిగిసినచో త్రొక్కువాడు హేండిలు మీదుగ ముందునకు పడును.

మడ్‌గార్డును ఇరుసునకు కలుపు సన్నని ఇనుపకడ్డీలును ఇట్టి సమయమున ప్రమాదకరములు. పుల్ల చిక్కినపుడు చక్రము మడ్‌గార్డును తనతో లాగును. కడ్డీలు వంగి చక్రములో దూరును. వదులైన కడ్డీ యున్న సైకిలు మడ్‌గార్డు లేని సైకిలుకన్న అపాయకరమైనదని గ్రహింపవలెను. అందువలననే ముందు మడ్‌గార్డు చిక్కుకొన్న తక్షణమే కడ్డీ విడిపోవునట్టి ప్లాస్టికు బిగింపులు కూడ నేడు తయారగుచున్నవి. అట్టివి దొరకినచో ముందు చక్రమునకు వాటిని కోరుట మంచిది.

ఎట్టి మడ్‌గార్డును ఎన్నుకొనవలెను?

మన దేశమున 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపతులో అట్లాసు, 1956లో లుధియానాలో హీరో సంస్థలు ఏర్పడి, పల్లెపల్లెకు నల్లని రోడ్డు సైకిలును చేర్చినవి. ఆ సైకిళ్లకు పొడవైన ఇనుప మడ్‌గార్డులు కంపెనీలోనే బిగించి వచ్చుచుండెను. కావున పెద్దలకు దీనిని ఎన్నుకొనవలసిన పని లేకపోయెను. నేడు పిల్లలు కోరు లావుటైర్ల సైకిళ్లకు, గేర్ల సైకిళ్లకు పొట్టి ప్లాస్టికు రేకులు ఉండును. కొన్నింటికి అవియు ఉండవు. కావున కొనునపుడు ఈ క్రింది ఐదు సంగతులు చూడవలెను.

1. పొడవు: ముందు మడ్‌గార్డు చక్రపు వెనుకవైపున ఇరుసుకన్న బాగుగ క్రిందికి దిగవలెను. దాని చివర రబ్బరు ముక్క వ్రేలాడవలెను. నేలకు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తువరకు అది దిగినచో పాదములు, గొలుసు చాలవరకు శుభ్రముగ నుండును. వెనుక మడ్‌గార్డు కనీసము ఇరుసు మట్టమువరకు దిగవలెను. సీటు క్రింద పైకి లేచియుండు పొట్టి రేకు వీపును కొంత కాపాడును గాని మరి దేనిని కాపాడదు.

2. వెడల్పు: మడ్‌గార్డు టైరుకన్న కనీసము 10 మిల్లీమీటర్లు వెడల్పుగ నుండవలెను. సాధారణ రోడ్డు సైకిలు టైరు సుమారు 40 మిల్లీమీటర్లు. దానికి 50 మిల్లీమీటర్లకు తగ్గని రేకు కావలెను. లావుటైర్లకు 60 మిల్లీమీటర్లకు పైబడినది కావలెను. అంచులు లోపలికి వంగి దోనెవలె నున్నచో నీరు ప్రక్కలకు చిందక క్రిందికి జారును.

3. సందు: రేకు టైరునకు దగ్గరగ నున్నచో నీరు బాగుగ ఆగును, దూరముగ నున్నచో మన్ను చిక్కుకొనదు. ఈ రెండింటిలో ఏది ముఖ్యమో దారినిబట్టి నిర్ణయింపవలెను. తారురోడ్డు, సిమెంటురోడ్డు మీదనే పోవువారికి చిటికెనవ్రేలు పట్టునంత, అనగా 10, 12 మిల్లీమీటర్ల సందు చాలును. పొలముబాట, రేగడిదారి త్రొక్కువారికి బొటనవ్రేలు సులభముగ దూరునట్లు 20, 25 మిల్లీమీటర్లు ఉంచవలెను. మన్ను రేకు వెనుకకొసనుండి లోనికి పోయి ముందుకొసనుండి బయటికి వచ్చును. కావున ముందువైపు సందు వెనుకవైపు సందుకన్న కొంచెము ఎక్కువగ నుండునట్లు బిగింపవలెను. అట్లుగాక ముందునకు పోనుపోను ఇరుకైనచో లోనికి పోయినది బయటికి రాక బిగియును.

4. వస్తువు: ఇనుపరేకు గట్టిది, వంగిన సరిచేయవచ్చును, గ్రామములోని పనివాడే బాగుచేయగలడు. కాని త్రుప్పు పట్టును. అల్యూమినియము త్రుప్పుపట్టదు, తేలికయైనది. కాని రివెట్లవద్ద పగులు పుట్టవచ్చును. ప్లాస్టికు తేలిక, చవుక. కాని పలుచని నాసిరకము ఎండకు పెళుసై విరుగును. చేతితో మెల్లగ వంచి చూచి, తిరిగి తన రూపునకు వచ్చుదానినే తీసికొనవలెను. మోత సైకిళ్లకు, కూలిపనివారి సైకిళ్లకు ఇనుమే తగినదని మా అభిప్రాయము.

5. బిగింపు: కదిలించినపుడు చప్పుడగు మడ్‌గార్డును తీసికొనరాదు. నట్లక్రింద స్ప్రింగు వాషర్లు ఉండవలెను. కడ్డీల కొసలు బయటికి పొడుచుకొని ఉన్నచో కోయించి, ఆకురాయితో నునుపు చేయింపవలెను. లేనిచో పిక్కలకు గీసుకొనును.

సన్నటైర్ల పందెపు రకము సైకిళ్లలో మడ్‌గార్డునకు చోటు మిక్కిలి తక్కువ. తరచు కడ్డీ బిగించుటకు రంధ్రము కూడ నుండదు. వాటికి రబ్బరు పట్టీలతో తగిలించు సన్నని రేకులు దొరకును. ఇవి తారురోడ్డునకు పనికివచ్చును, రేగడిదారికి పనికిరావు. మన గ్రామములలో బడికిపోవు పిల్లకు అట్టి సైకిలు కొనకుండుటయే మేలు.

వెనుక వచ్చువాని మేలు

శీతకాలమున తరచు వానలు కురియు బ్రిటను దేశమున, సామూహిక యాత్రలు జరుపు సైకిలు సంఘములు పెక్కు చలికాలమున మడ్‌గార్డు లేని సైకిలును తమతో రానీయవు. ముందు పోవువాని చక్రపు నీరు వెనుక వచ్చువాని ముఖమున పడుటయే దీనికి కారణము. మన పిల్లలును గుంపులుగనే బడికి పోవుదురు. ముందు పోవు బాలుని వెనుక మడ్‌గార్డు క్రిందివరకు దిగినచో, వెనుక వచ్చు బాలిక కండ్లలో బురద పడదు. వీధిని శుభ్రముగ నుంచుట వంటిదే ఇదియు.

కాపాడుకొను విధము

బురదదారి దాటగానే దిగి, పుల్లతో రేకు లోపలి మన్నును తీయవలెను. తడిగ నున్నపుడు తీసిన మన్ను, ఎండినపిదప తీసినదానికన్న సులభముగ వచ్చును. మన్ను నిలిచినచో దానితోపాటు తడి నిలిచి ఇనుము లోపలివైపునుండి త్రుప్పుపట్టును. కావున వేసవిలో లోపలి వైపున రంగు వేయించుట లాభకరము. రబ్బరు ముక్క ఊడినచో క్రొత్తది కొననక్కరలేదు. పాతట్యూబు ముక్కను జానెడు పొడవున కోసి రెండు బోల్టులతో బిగించిన చాలును. వారమునకొకసారి నట్లను చేతితో కదిలించి చూడవలెను. తడిసిన ఇనుపరిమ్ములపై బ్రేకు సరిగ పట్టదు. మడ్‌గార్డు ఎంత మంచిదైనను తడిదారిలో మెల్లగ పోయి, ముందుగనే బ్రేకు వేయవలెనని పిల్లలకు చెప్పవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, ఏటేట రెండు తనిఖీలు. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినముగ ప్రకటించినది. మృగశిర కార్తె ప్రవేశించుటకు కొలదిదినముల ముందు వచ్చు ఈ తేదీన, గ్రామములోని సైకిలు మరమ్మతు పనివానిని పంచాయతీ కార్యాలయమునకు పిలిపించి, పిల్లల సైకిళ్లను చూపింపవచ్చును. రెండవ తనిఖీ యాసంగి నాట్లకు ముందు బడిలోనే జరుపవచ్చును. వదులైన కడ్డీలు బిగించుటకు, రబ్బరు ముక్కలు తగిలించుటకు ఒక పూట చాలును.

రెండవది, దాతలు బడిపిల్లలకు సైకిళ్లు ఇచ్చునపుడు, పైనచెప్పిన కొలతలుగల మడ్‌గార్డులు బిగించి ఇమ్మని పంచాయతీ ముందుగనే కోరవలెను. ఇచ్చినపిదప అడుగుటకన్న ఇచ్చుటకు ముందు అడుగుట సులభము.

మూడవది, మన్ను రోడ్డెక్కకుండ చూచుట. కరిగెటకు వాడు కేజ్ వీల్స్ అను ఇనుపచక్రములతో ట్రాక్టరు రోడ్డెక్కినచో రోడ్డు చెడును, బురదయు పడును. వాటిని పొలము గట్టునే విప్పవలెనని, టైర్లకు పట్టిన మన్ను రాల్చి రోడ్డెక్కవలెనని గ్రామసభలో నిర్ణయము చేయించవలెను. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరినవి. ముందుగ ఆ ట్రాక్టరే ఈ నియమము పాటించినచో రైతులకు చెప్పుటకు మనకు నోరుండును.

నాలుగవది, బడిదారిలో నీరు నిలుచు గుంటలను గుర్తించి మొరముతో పూడ్పించుట. మడ్‌గార్డు బురదను ఆపగలదు గాని గుంటను పూడ్పలేదు. ఆ పని పంచాయతీదే.

రైతు కరిగెట మానలేడు. కాలువ నీరు ఆగరాదు. నీరు పారునంతకాలము మన దారులలో కొంత బురద తప్పదు. కాని ఆ బురద పిల్లల వీపు నెక్కకుండ, వారి చక్రమును పట్టి పడద్రోయకుండ చూచుట మన చేతిలోనున్నది. సభ్యులు రానున్న సమావేశమున ఈ విషయమును ప్రస్తావించి, తమ గ్రామములో బడికి సైకిలుపై పోవు పిల్లలెందరో, వారిలో సరియైన మడ్‌గార్డు ఎందరికి గలదో లెక్కించి చూడవలెనని మేము కోరుచున్నాము.