పిట్టకూ కావాలి మజిలీ

అడవి ముక్కలైతే నేల మీద నడిచే జింకకో ఎలుగుబంటికో కష్టం గానీ, రెక్కలున్న పిట్టకేం, ఎగిరిపోదా అనుకుంటాం. పనామాలో జరిగిన ఒక ప్రయోగం ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు అక్కడి అడవి మునిగి గాటున్ సరస్సు అయింది, కొండల కొసలు దీవులుగా మిగిలాయి. పరిశోధకులు అడవి పిట్టల్ని పట్టి, పడవలో తీసుకెళ్లి, ఒడ్డుకు వేర్వేరు దూరాల్లో వదిలిపెట్టారు. కొన్ని జాతులు అవలీలగా ఒడ్డు చేరాయి. పొదల నీడలో బతికే కొన్ని జాతులు మాత్రం వంద మీటర్లు కూడా దాటలేకపోయాయి. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. కొమ్మ నుంచి కొమ్మకు గెంతుతూ బతికే పిట్టకు ఏకబిగిన ఎగరడం అలవాటు లేదు. నీటికి బదులు పొలమైతే మునిగిపోయే భయం లేకపోవచ్చు గానీ దాక్కోవడానికి ఆకు లేదు, తినడానికి పండు లేదు, పైన డేగ ఉంది. అందుకే అలాంటి పిట్టలు అసలు బయలుదేరనే బయలుదేరవు. పిల్లలు కొత్త చోటు వెతుక్కోలేవు, బయటి నుంచి జతలు రావు, అడవి ముక్కలో ఒక జాతి అంతరిస్తే ఆ ఖాళీ నింపే దిక్కుండదు.

పొలాల మధ్య మిగిలిన చిన్న చెట్ల తోపు విలువ ఇక్కడే తెలుస్తుంది. అది అడవి కాదు, మజిలీ. ఎకరం తోపులో ఎన్ని జాతులు కాపురముంటున్నాయని లెక్కపెడితే దానికి అన్యాయం చేసినట్టే. అది ఎంత పెద్ద ఖాళీని రెండుగా విడగొట్టిందన్నదే అసలు లెక్క. అయితే చెట్టు కనిపించిన ప్రతిచోటూ దారి కాదు. కోస్టారికా వాయవ్యాన గ్వానకాస్టేలో కెనడా పరిశోధకులు బారెడ్ ఆంట్‌ష్రైక్ అనే అడవి పిట్టలకు చిన్న రేడియో పరికరాలు కట్టి, వాటి తావులకు దూరంగా వదిలారు. తిరుగు ప్రయాణానికి అవి వాగుల వెంట ఉన్న దట్టమైన చెట్లనే ఎంచుకున్నాయి గానీ, కంచెగా నాటిన ఒంటి వరుస చెట్లను నమ్ముకోలేదు. పిట్టకు కావలసింది గుబురు.

రైతుకేం లాభమన్న ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. తోపు నిలిచిన నేలలో పంట పండదు, ఆ నష్టం రైతుదే. దీనికి గట్టి సమాధానం కోస్టారికా దక్షిణాన కోటో బ్రూస్ కాఫీ తోటల్లో ఉంది. బెర్రీ బోరర్ అనేది రెండు మిల్లీమీటర్లు కూడా లేని నల్లటి పురుగు. కాఫీ కాయ కొసన చిల్లు పొడిచి, లోపల గింజలో గుడ్లు పెడుతుంది. లోపలికి చేరాక మందు కొట్టినా దానికి తగలదు. అక్కడ కొన్ని కాఫీ మొక్కలకు వలలు కప్పి పిట్టల్ని రానివ్వకుండా చూశారు. పిట్టలు తిరిగిన మొక్కల్లో పురుగు బెడద దాదాపు సగానికి తగ్గింది. దాన్ని తినే పిట్టలు అడవి తునకలు దగ్గరున్న తోటల్లోనే ఎక్కువ. అలా తప్పిన నష్టం ఏడాదికి హెక్టారుకు 75 నుంచి 310 డాలర్లని 2013లో ప్రచురించారు. 2025లో ఈ పురుగు మన అరకు ప్రాంతపు కాఫీలోనూ బయటపడింది. అక్కడి పిట్టలు వేరు, నీడ వేరు కాబట్టి కోస్టారికా లెక్కను యథాతథంగా తెచ్చి అతికించలేం. కానీ వలలు కప్పి చూసే ఈ పరీక్ష మన్యంలో కూడా చేయదగినదే.

ఇంతకంటే నన్ను కలవరపెట్టే అభ్యంతరం ఇంకొకటి ఉంది. తోపులు చాలన్న మాట దొరికితే, పెద్ద అడవిని నరకడానికి అది సాకు కాదా? అవుతుంది, ఎవరైనా అలా వాడుకుంటే. రెండు ఊళ్లూ ఖాళీ అయ్యాక మధ్యలో మజిలీ ఎవరికి? పెద్ద అడవిలో తప్ప గూడు కట్టని జాతుల్ని ఏ తోపూ కాపాడలేదు. కాబట్టి అడవిని కాపాడటం మొదటి పని, తోపులు దానికి తోడు మాత్రమే.

అలాగే ఏ చెట్టు నాటామన్నదీ ముఖ్యమే. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం ఎక్కువగా నాటేది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్. తొందరగా పెరుగుతుంది, మిరియాల తీగకు ఊతమిస్తుంది, గిరిజన రైతు దాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. దాని పూలలో తేనె ఉంటుంది గానీ, కాయలు ఎండు గింజలే, పండు తిని బతికే పిట్టకు అందులో ఏమీ దొరకదు. జువ్వి, మేడి, నేరేడు అలా కాదు. వాటి పండ్లు తిన్న పిట్ట గింజల్ని మరోచోట రాల్చి కొత్త మొక్కకు దారి చేస్తుంది. కాఫీ రైతుకు పంచే మొక్కల్లో వీటినీ చేర్చి, ముందుగా వాగుల ఒడ్డున గుబురుగా పెంచితే, అడవి తునకల మధ్య తొలి మజిలీలు అక్కడే ఏర్పడతాయి.